తిరగబడిన రెండు పడవలు

సోమవారం పొద్దున స్నానాలగదిలో సబ్బు లేదు. కొత్తది తీద్దామని అలమర తెరిస్తే అక్కడా లేదు. పోయిన వారమే తెచ్చిన రెండు సబ్బులు చుట్టిన కాగితాలతో సహా మాయం. ఇల్లాలు తడిచేతులతోనే వసారాలోకి వచ్చి చూసేసరికి, మొగుడుగారు కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చిన్న చాకుతో ఒక సబ్బును చెక్కుతున్నాడు. ఒళ్ళో పాత పేపరు, పేపరు నిండా సబ్బు పొట్టు. రెండో సబ్బు అప్పటికే చెక్కించుకుని కిటికీ గట్టు మీద ఆరుతోంది.

"ఏవండీ, ఏమిటిది?"

"పడవ," అన్నాడాయన తల ఎత్తకుండా.

"రెండెందుకు?"

"మనిషికి రెండు కాళ్ళు కదా!"

ఇంకొకరైతే ఈ జవాబుకి కంగారుపడేవారు. ఇల్లాలు పడలేదు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఆవిడ ఇంతకంటే అర్థంకాని జవాబులు చాలా విన్నది. అవన్నీ చివరికి ఏదో ఒక ఎముక దగ్గర తేలేవి.

ఆయన ఉద్యోగం వైద్య కళాశాలలో. డాక్టరు కాదు, మేష్టరూ కాదు. విడివిడిగా వచ్చిన ఎముకలను శుభ్రం చేసి, సన్నని బెజ్జాలు వేసి, ఇత్తడి తీగతో కూర్చి, మళ్ళీ మనిషి ఆకారంలో నిలబెట్టడం ఆయన పని. వీధిలో అందరూ ఎముకలాయన అంటారు. ఆ వరసన ఈవిడ ఎముకలావిడ. ఒంట్లో ఎముక ఉన్న జాడ ఎక్కడా బయటపడని తనకు ఆ పేరు రావడం ఆవిడకు మొదట్లో చిరాగ్గా ఉండేది, తరవాత సరదాగా ఉండేది, ఇప్పుడు ఎలాగూ ఉండడం లేదు. అత్తగారికి మాత్రం ఆ పేరు గిట్టదు. కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "పడిపోయినవాళ్ళని లేపి నిలబెడతాడమ్మా," అంటుంది. అందులో అబద్ధమూ లేదు.

ఆ శుక్రవారంతో ఆయన ఉద్యోగం ఆఖరు. ఆ శాఖకు కొత్తగా వచ్చిన పెద్ద మేడమ్ పిలిచి, "మీకు ఏమిమ్మంటారు? గోడగడియారం ఇద్దామనుకుంటున్నాం," అంటే, ఆయన కాసేపు చేతులు నలుపుకుని, "గడియారం వద్దండి. అరగంట ఇప్పించండి చాలు. పిల్లలకి ఒక్క క్లాసు చెప్పుకుంటాను," అన్నాడట. ముప్పై మూడేళ్ళు క్లాసులు జరిగే హాల్లో ఆయన ఊడిన వేళ్ళు బిగిస్తూ, జారిన దవడలు తగిలిస్తూ ఒక పక్కన నిలబడ్డవాడే కానీ, బల్ల వెనక నిలబడి నోరు విప్పినవాడు కాదు. మేడమ్ ఒప్పుకుంది. గడియారం మిగిలిపోయింది.

"అరగంటలో ఏం చెబుతారు?" అంది ఇల్లాలు.

"పడవ ఎముకల గురించి. పుర్రె గురించి ఎవడైనా మాట్లాడతాడు. ఇవి పాపం చిన్నవి. విరిగేదాకా ఇవి ఉన్నాయని మనిషికే తెలీదు." సబ్బును వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు. "చేతి మణికట్టులో ఒకటి, పాదంలో ఒకటి. నువ్వు కాస్త రాసిపెట్టాలి. నాకు కట్టడం వచ్చుగానీ, మాట్లాడడం రాదు."

"ఇంట్లో బాగానే వస్తుందే!"

"ఇంట్లో ఎదురు మాట్లాడేవాళ్ళున్నారు కదా, ఊపు వస్తుంది."

"ఒరేయ్," అంది అత్తగారు లోపలి గదిలోంచి, "ఊపు సంగతి తరవాత. నేను ఒళ్ళు దేనితో రుద్దుకోవాలి?"

మధ్యాహ్నానికి ఇల్లాలు పాత ట్రంకుపెట్టె లోంచి నిఘంటువు బయటికి లాగింది. కాలేజీ రోజుల్లో వ్యాసరచనలో మొదటి బహుమతిగా వచ్చిన పుస్తకం. ఇటుకరాయంత లావు. పెళ్ళయ్యాక దాన్ని మడతబట్టలు నలగకుండా పైన పెట్టడానికి వాడడమే ఎక్కువ. దాన్నీ, ఆయన తెచ్చిన అట్టలూడిన పాఠ్యపుస్తకాన్నీ ముందేసుకుని కూర్చుంటే ఆవిడకు హుషారొచ్చింది. చాలా ఏళ్ళకి పాలలెక్క కాక వేరేది రాస్తోంది.

"ఇదిగో వినండి. చేతిలోదాని పేరు స్కాఫాయిడ్. గ్రీకు మాట. దాని మూలం తవ్వడం, తొలవడం. తొలిచి బోలు చేసింది ఏదైనా వాళ్ళకి ఆ మాటే. తొట్టీ అదే, గిన్నే అదే, చిన్న పడవా అదే. మనం దోనె అంటామే, అలాగ. నీళ్ళమీద వేస్తే పడవ, నీళ్ళు పోస్తే తొట్టి."

"బాగుంది, రాయి. మరి పాదంలోది?"

"నావిక్యులర్. అది లాటిన్. చిట్టి నావ అని."

"ఒకే ఆకారానికి రెండు భాషలెందుకూ?"

"అక్కడే ఉంది తమాషా. పాతకాలంలో రెండింటికీ రెండు పేర్లూ ఉండేవిట. చేతిదాన్నీ నావ అనేవారు, కాలిదాన్నీ దోనె అనేవారు. డాక్టర్లు తికమకపడి చచ్చేవారన్నమాట. తరవాత పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేశారు. గ్రీకు పేరు చేతికి, లాటిన్ పేరు కాలికి. అన్నదమ్ములకి ఇల్లు పంచినట్టు."

"ఎవరూ కోర్టుకెళ్ళలేదా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. ఎముకలు కదా, సర్దుకుపోయాయి."

మణికట్టులో పడవ పక్కనే చంద్రవంక ఉంది, బఠాణీ గింజ ఉంది, కొక్కెం ఉంది. చెవిలో సుత్తీ, సుత్తి దెబ్బ తినే కమ్మరి దాగలీ ఉన్నాయి. ఈ పేర్లు పెట్టినవాళ్ళు గొప్ప పండితులే కావచ్చు గానీ, పేరు కావాల్సివచ్చినప్పుడల్లా ఇంటి చుట్టూ చూసుకున్నారని ఇల్లాలికి అర్థమైంది. ఆ మాటా రాసింది.

ఇక ఆయన చెప్పడం, ఆవిడ రాయడం. పాదంలో పడవ ఎలా కూర్చుంటుందో ఆయన సబ్బు పట్టుకుని చూపించాడు. "పడవ పల్లం చీలమండ వైపు ఉండాలి. ముక్కు రెండో పాదం వైపు ఉండాలి. గరుగ్గా ఉబ్బిన వీపు ఆకాశం వైపు ఉండాలి. ఈ మూడూ గుర్తుంటే కుడిదేదో ఎడమదేదో చచ్చినా తప్పు పోదు. రాశావా?"

"రాశాను. చచ్చినా అన్నది తీసేశాను. క్లాసులో ఎదురుగా ఆయనే ఉంటాడుగా."

ఆయన అంటే మామయ్య. కళాశాల మ్యూజియంలో చక్రాల స్టాండుకి వేలాడే నిలువెత్తు అస్థిపంజరం. ఎముకలాయన ఎవరి సాయం లేకుండా తనంతట తాను కట్టిన మొదటి మనిషి. పిల్లలు పెట్టుకున్న పేరది. 'మామయ్య దగ్గరికి పద' అంటే పరీక్ష దగ్గరికొచ్చిందని అర్థం.

"చివర్లో మామయ్య నడక గురించి చెబుతాను," అన్నాడాయన సర్దుకుని కూర్చుంటూ.

ఆ కథ ఇల్లాలికి కంఠతా వచ్చు. మామయ్యను కట్టేటప్పుడు రెండు పాదాల్లోనూ పడవ ఎముక ఎంతకీ సర్దుకోలేదు. పక్క ఎముకలతో కలవక ఎగదన్నేది. ఎందుకూ? ఎముక అబద్ధం చెప్పదు. అంటే బతికున్న రోజుల్లో ఆయన నడకలోనే తేడా ఉండివుండాలి. పాపం కుంటుతూ నడిచేవాడు. అందుకని ఎముకలాయన రెండు చోట్లా ఒక్కో గుండ్రని తోలు వాషరు వేసి, తీగ బిగించి, సర్దేశాడు. మొదట్లో కథ అంతే. ఏడాదికో ముక్క పెరుగుతూ వచ్చింది. మామయ్య బస్తాలు మోసేవాడని ఒక ఏడాది తేలింది. చిన్నతనంలో నిచ్చెన మీంచి పడ్డాడని ఇంకో ఏడాది తేలింది. ఈమధ్య మనిషి నెమ్మదస్తుడని, ఎవరితోనూ గొడవ పెట్టుకునేవాడు కాదని కూడా తెలుస్తోంది. ఏటా కొత్తగా చేరిన పిల్లలు ఆ కథ విని జాలిపడేవారు.

"ముప్పై మూడేళ్ళలో నా చేతిమీదుగా ఒక్క ఎముక తప్పు పడలేదు," అన్నాడాయన. "చివర్లో ఆ మాట కూడా రాయి. గొప్పకి కాదు. ఉన్నమాటే కదా."

రాయడం అయిపోయాక ఆయన రెండు సబ్బులూ ఆవిడ ముందు పెట్టాడు. "ఏదీ, ఎదురుగా మామయ్య నిలబడ్డాడనుకో. ఆయన పాదాల దగ్గర వీటిని సర్దు. కుడి ఏదో ఎడమ ఏదో నీకు చెబుతున్నాను. ఇది కుడి. ఇది ఎడమ."

ఇల్లాలు కుడి సబ్బును తన కుడిచేతి వైపు, ఎడమ సబ్బును తన ఎడమచేతి వైపు పెట్టింది.

ఆయన పకపకా నవ్వాడు. "అదిగో! నీ ఎదురుగా నిలబడ్డవాడి కుడి నీకు ఎడమవైపు ఉంటుందే! మొదటి నెల పిల్లలందరూ ఇదే చేస్తారు. నీకు మాత్రం ముప్పై ఏళ్ళయినా..."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఇల్లాలి చేతులు మాత్రం సబ్బుల మీదే ఆగిపోయాయి.

పెళ్ళయిన నాలుగో నెల. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మొదటిసారి ఆయన పనిగదికి వెళ్ళింది. మామయ్య చీలమండల దాకా పూర్తయి వేలాడుతున్నాడు. పాదాల ఎముకలన్నీ రెండు పింగాణీ పళ్ళాల్లో వేరుచేసి ఉన్నాయి. బల్ల మీద చివరగా రెండే మిగిలాయి, దారానికి కట్టిన చిట్టి అట్టముక్కలతో. ఒకదాని మీద కుడి అని, ఇంకోదాని మీద ఎడమ అని ఆయన రాత. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్తూ, 'ఆ రెండూ పళ్ళాల్లో వేసెయ్, అట్టలు తీసి పారెయ్,' అన్నాడు. పళ్ళాలు మామయ్య కింద, ఏ కాలి కింద ఆ కాలిది ఉన్నాయి. కొత్తపెళ్ళికూతురు మామయ్యకు ఎదురుగా నిలబడింది. కుడి అని ఉన్నదాన్ని తన కుడివైపు పళ్ళెంలో వేసింది. ఎడమదాన్ని ఎడమవైపు వేసింది. అట్టముక్కలు తీసి శుభ్రంగా చెత్తబుట్టలో పడేసింది కూడా. పనిమంతురాలని మెచ్చుకుంటూ ఆయన భోజనానికి కూర్చున్నాడు.

"ఏమే, అలా అయిపోయావేం?" అన్నాడు ఎముకలాయన.

"ఏం లేదు. సబ్బు వాసనకి తల తిరుగుతోంది."

మంగళవారం మధ్యాహ్నం ఇల్లాలు ముప్పై ఒక్కేళ్ళ తరవాత రెండోసారి కళాశాలకు క్యారేజీ పట్టుకెళ్ళింది. ఆయన దాన్ని చూసి మురిసిపోయి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే, ఆవిడ గబగబా మ్యూజియంలోకి దూరింది.

పొడుగాటి గది. గాజు అలమరలు, సీసాలు, గచ్చు కడిగిన మందు వాసన. కిటికీ పక్కన మామయ్య. వేలాడదీసిన మనిషి కాబట్టి పాదాలు నేలకు జానెడు ఎత్తులోనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదో ఆవిడకు చూడగానే తెలిసిపోయింది. అక్కడికి వంగేవాళ్ళెవరు? అందరూ పుర్రె పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళే. ఆవిడ మొదట వంగింది. కనపడలేదు. మోకాళ్ళమీద కూర్చుంది. నీడ పడింది. చివరికి అటూ ఇటూ చూసి, కొంగు నడుముకి దోపి, నేలమీద పక్కవాటుగా పడుకుంది.

పల్లం చీలమండ వైపే ఉంది. ముక్కు రెండో పాదం వైపే ఉంది. వీపు మాత్రం ఆకాశాన్ని కాదు, నేలను చూస్తోంది. రెండింటిలోనూ అంతే. గరుకు వీపు కిందికి పెట్టుకుని, రెండు పడవలూ నిక్షేపంగా బోల్తాపడి ఉన్నాయి. వాటిని అలాగే పట్టి ఉంచుతూ చెరో తోలు వాషరు.

"అమ్మా! ఏమైంది? కళ్ళు తిరిగాయా?"

గుమ్మంలో పెద్ద మేడమ్. ఇల్లాలు లేవడానికి ప్రయత్నించి, సగంలో ఆగి, "లేదండీ, చూస్తున్నాను. నేను ఎముకలాయన భార్యని," అంది. అంతకంటే మంచి పరిచయం ఆ భంగిమలో తట్టలేదు.

మేడమ్ చెయ్యిచ్చి లేపింది. "మీరూ వాటినే చూస్తున్నారా! నాకు ఈయన పాదాలతో పాత పగ ఉందండీ."

"పాదాలతోనా?"

"నేను చదివింది ఇక్కడే. నేలమీద కూర్చుని చదువుకునే అలవాటు నాకు. మామయ్య పాదాలు నా పుస్తకం పక్కనే ఉండేవి. ఎముక ఎముకా చూసి బట్టీపట్టాను. మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నా చేతిలో ఇదే పెట్టాడు, నావిక్యులర్. నేను మామయ్యకున్నట్టే పట్టుకుని, కుడిది అన్నాను. ఆయన ఎడమది అన్నాడు. మా మామయ్యని చూడండి సార్ అంటే, 'అస్థిపంజరం కాదమ్మా, పుస్తకం చూడు' అన్నాడు. అరమార్కులో మెడల్ పోయింది. ఇరవయ్యేళ్ళయింది. ఆ ముసలాయన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది." మేడమ్ నవ్వింది. "మీవారు సరిగ్గా దాని మీదే చెబుతానంటే ఎంత సంతోషం వేసిందో! శుక్రవారం మామయ్య పాదాల్లోనే చూపించమంటాను. వీలైతే ఆ ముసలాయనకి వీడియో పంపిస్తాను."

"బాగుంటుందండీ," అంది ఇల్లాలు. కొంగు దులుపుకుంటూ బయటికి నడిచింది.

సాయంత్రం ఆయన టీ పూర్తయ్యేదాకా ఆగి చెప్పింది. పళ్ళాల సంగతి, అట్టముక్కల సంగతి, నేలమీద పడుకుని చూసిన సంగతి. మెడల్ సంగతి మాత్రం దాచుకుంది. ఒక్కసారే అన్నీ వడ్డిస్తే మనిషి తట్టుకోలేడనిపించింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. అందులో ఏమీ లేదు. తాగాడు.

"నువ్వా?"

"నేనే. కట్టేముందు మీరు చూసుకోవద్దూ?"

"నువ్వు వేశావు కదా అని చూడలేదు."

"అదేమన్నా నా మీద నమ్మకమా? ఉప్పు సరిపోయిందా లేదా అని రోజూ రెండుసార్లు అడుగుతారు కదా!"

ఆయన దానికి నవ్వలేదు. కిటికీ గట్టు మీది సబ్బుల వైపు చాలాసేపు చూశాడు. ఆవిడ తిట్లకి సిద్ధంగా కూర్చుంది. తిట్లు రాలేదు.

"అంటే," అన్నాడు చివరికి, చిన్నగా, "మామయ్య కుంటలేదా?"

ఇల్లాలికి నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. బస్తాలూ, నిచ్చెనా, నెమ్మదితనమూ, ముప్పై ఒక్కేళ్ళుగా పెంచిన మనిషి, ఒక్క మాటతో చేతిలోంచి జారిపోయాడు.

"మామూలుగానే నడిచేవాడేమోనండీ," అంది.

బుధవారం ఆయన పటకారు సంచిలో పెట్టుకుని వెళ్ళి, సాయంత్రం అలాగే తీసుకొచ్చాడు. మ్యూజియంలో పొద్దస్తమానం పిల్లలున్నారట. "రేపు భోజనాల వేళ ఎవరూ ఉండరు. తీగ కత్తిరించి, తిప్పి, మళ్ళీ బిగించడానికి గంట చాలు. శుక్రవారానికి అంతా సరిగ్గా ఉంటుంది. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

నిన్నటిదాకా ఇల్లాలి ఆలోచన కూడా అదే. చప్పుడు చెయ్యకుండా తిప్పేస్తే అడిగేవాడెవడు? కానీ ఆ మాట ఆయన నోట వినేసరికి ఆవిడకు నేలమీద పుస్తకం పెట్టుకుని కూర్చున్న అమ్మాయి కళ్ళముందు కదిలింది. ఇక దాచలేక మెడల్ సంగతీ చెప్పేసింది. శుక్రవారం మేడమ్ మామయ్య పాదాల్లోనే చూపించమంటుందని కూడా చెప్పింది.

"అయితే ఇంకా నయం," అన్నాడాయన మొండిగా. "రేపే తిప్పేస్తాను. ఆవిడ చూసేసరికి సరిగ్గానే ఉంటుంది."

"అప్పుడు తప్పు తనదేననుకుంటుంది. మిగతా జన్మంతా."

"ఆఖరి రోజున నన్ను నవ్వులపాలు కమ్మంటావా? నేను అడిగింది ఒక్క అరగంటే! గడియారం కూడా వద్దన్నాను!"

అంతదాకా గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వింటున్న అత్తగారు గొంతు సవరించుకుంది.

"ఒరేయ్, నీకు ఆరేళ్ళప్పుడు బూట్లు కొన్నాం. జ్ఞాపకం ఉందా?"

"ఇప్పుడు బూట్లేమిటమ్మా?"

"కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుని వారం రోజులు తిరిగావు. నడవలేకపోయేవాడివి. నాకు కాళ్ళజబ్బు వచ్చిందని ఏడ్చావుగానీ, వంగి బూట్లు చూసుకోలేదు. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. ఆయన మందు రాయలేదు, బూట్లు మార్చాడు. గది నిండా జనం నవ్వారు." అత్తగారు కాళ్ళు చాపుకుంది. "నువ్వూ నవ్వావురా. అందరికంటే ఎక్కువ నవ్వావు. నొప్పి పోయింది కదా మరి."

ఆయన లేచి సంచీ తీసుకెళ్ళి పటకారు బల్లసొరుగులో పడేశాడు. గురువారం దాన్ని పట్టుకెళ్ళలేదు. ఏం చేస్తాడని ఇల్లాలు అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడని భయం, మార్చుకోడని ఇంకో భయం.

శుక్రవారం హాలు నిండింది. మెట్లు మెట్లుగా బల్లలు, అరవైమంది పిల్లలు, ముందువరసలో పెద్ద మేడమ్. కింద బల్ల పక్కన మామయ్య. ఇల్లాలు ఆఖరి వరసలో చోటు చూసుకుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన మైకు వంచుకుని కాగితాలు విప్పాడు. మొదటి రెండు వాక్యాలు వణికాయి. దోనె దగ్గరికి వచ్చేసరికి గొంతు కుదురుకుంది. గ్రీకుకి చెయ్యీ లాటిన్‌కి కాలూ పంచిన పెద్దమనుషుల దగ్గర పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకి ఆయన కాస్త పొడుగయ్యాడు. సబ్బు పడవలు చేతులు మారుతూ వెనకవరస దాకా వచ్చాయి. పల్లం, ముక్కు, వీపు, అన్నీ చెప్పాడు. ఇల్లాలు మనసులోనే ఆయనతోపాటు చదువుతోంది. ఇక వచ్చేది మూడో కాగితం చివర, మామయ్య నడక.

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టేశాడు.

"ఇక్కడ మా ఆవిడ చేత ఒక కథ రాయించాను. చాలా మంచి కథ. ముప్పై ఏళ్ళుగా మీ పైక్లాసు వాళ్ళందరికీ చెప్పాను. ఇవాళ చెప్పను, ఎందుకంటే అది నిజం కాదు. దానికి బదులు ఒక పరీక్ష. మామయ్య పాదాల్లో ఒక తప్పుంది. వచ్చి కనుక్కోండి."

పిల్లలు ఒక్క ఉదుటున కిందికి దిగారు. తోసుకున్నారు, వంగారు, మోకాళ్ళమీద పడ్డారు. కాసేపటికి ఆ గుంపు అడుగునుంచి ఒక అమ్మాయి గొంతు కేకేసింది. "సార్! పడవ వీపు కిందికి ఉంది సార్! రెండూ తిరగబడి ఉన్నాయి!"

ఆ హాల్లో ఆయన్ని ఎవరైనా సార్ అనడం అదే మొదలు.

ముందువరసలో పెద్ద మేడమ్ లేచింది. పిల్లలు దారిచ్చారు. ఇస్త్రీ మడత నలగని బట్టలతోనే ఆవిడ నేలమీద కూర్చుంది, ఇరవయ్యేళ్ళ కింద కూర్చున్నట్టే. లేచేసరికి ముఖంలో ఏముందో వెనకనుంచి కనపడలేదు.

"ఎప్పటినుంచి?"

"నిలబెట్టిన రోజునుంచండీ. కుడిది ఎడమలో పడింది, ఎడమది కుడిలో పడింది. సరిపడకపోతే వాషరు వేశాను కానీ, విప్పి చూసుకోలేదు. పైగా మామయ్యకే కుంటు అంటగట్టాను. మీ మెడల్ సంగతి మొన్ననే తెలిసింది." ఆయన మైకును గట్టిగా పట్టుకున్నాడు. "తప్పు నాదండీ. కట్టిన చెయ్యి నాది."

ఇల్లాలు మాట్లాడకూడదనే అనుకుని వచ్చింది. ఇంట్లో మూడుసార్లు గట్టిగా అనుకుంది కూడా. తీరా చూస్తే లేచి నిలబడి ఉంది.

"పళ్ళెంలో వేసిన చెయ్యి నాదండీ!"

అరవై తలలు గిర్రున వెనక్కి తిరిగాయి.

"కూర్చోవే!" అన్నాడాయన. మైకు పనిచేస్తూనే ఉంది. హాలంతా గొల్లుమంది. ఆయన నాలిక్కరుచుకుని మైకు వైపు చూశాడు, తరవాత ఆవిడ వైపు చూశాడు. తరవాత తనూ నవ్వాడు. ఆపుకోలేక, భుజాలు ఎగరేస్తూ, అందరికంటే ఎక్కువ నవ్వాడు.

మేడమ్ నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తేలలేదు. "ఆ ముసలాయన నంబరు ఇప్పుడెవరిని అడగాలో!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "వీడియో పంపిస్తాను, ఎలాగూ అనుకున్నదే. మీరు మాత్రం పిల్లల ముందే దాన్ని సరిచెయ్యండి. పటకారు ఉందా?"

"లేదండీ. కావాలనే ఇంట్లో వదిలి వచ్చాను."

ఇల్లాలు మెట్లు దిగుతూ చేతిసంచీ లోంచి పటకారూ తీగచుట్టా తీసింది. సొరుగు సర్దే అలవాటు ఎటూ పోదు.

ఆయన నేలమీద కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పాత తీగ టక్కున తెగింది. పడవలు రెండూ అరచేతిలోకి వచ్చాయి, తోలు వాషర్లు నేలమీద దొర్లాయి. కుడిది కుడికి, ఎడమది ఎడమకి, వీపు ఆకాశానికి. పక్క ఎముకల మధ్య అవి ఎంత మెత్తగా ఒదిగాయంటే, ఆయన ఒక్క క్షణం చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయాడు. వాషరు అవసరం రాలేదు. తీగ బిగిస్తూ, మామయ్య పాదం మీద తట్టి, ఎవరికీ వినపడకూడదన్నట్టు ఏదో అన్నాడు. పక్కనే ఉన్న ఇల్లాలికి వినపడింది. "బాగానే నడిచేవాడివయ్యా. ఏమనుకోకు."

అరగంట క్లాసు గంటన్నర నడిచింది. పిల్లలు వెళ్ళాక మేడమ్ నేలమీంచి ఒక వాషరు తీసింది. గుండ్రంగా, నాణెమంత, నలిగి నల్లబడిన తోలుముక్క.

"ఇది నాకిస్తారా? మెడల్ కూడా దాదాపు ఇంతే ఉంటుంది," అంది. "బెజ్జం కూడా మీరే వేసిపెట్టారు."

రెండో వాషరు ఆయన జేబులో ఇంటికొచ్చింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముప్పై మూడేళ్ళు చేస్తే ఇదా ఇచ్చింది? గోడగడియారమైనా తెచ్చుకోవలసిందిరా!"

శనివారం పొద్దున ఇల్లాలు సబ్బు పడవలు రెండూ తెచ్చి, ఒకటి అత్తగారికిచ్చి, ఇంకోటి స్నానాలగదిలో పెట్టింది. కాసేపటికి లోపలినుంచి నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏమే! ఇక్కడ ఎడమది ఒక్కటే ఉంది. కుడిదేది?"

"మీ అమ్మ దగ్గరుంది."

"మరి కుడికాలికి?"

"దానితోనే రుద్దుకోండి," అంది ఇల్లాలు వంటింట్లోంచి. "సర్దుకోకపోతే పిలవండి, వాషరు తెస్తాను."